ముందు సీటు

“ముందు సీట్లో నేను, వెనక నువ్వు. ఇంకో మాట మాట్లాడావంటే సైకిలూ లేదు, ఊరూ లేదు!”

అన్నయ్య అరిచిన అరుపుకి, సైకిళ్ళు అద్దెకిచ్చే కొట్టాయన కూడా ఉలిక్కిపడ్డాడు. చెరో సైకిలు తీసుకుని ఊరు చూద్దామంది చెల్లెలు. అన్నయ్య ససేమిరా అన్నాడు. పరాయి దేశంలో దాని చేతికి విడిగా సైకిలిస్తే తిన్నగా వెళ్ళి ఏ బస్సు కిందో పడుతుందట. అందుకని ఇద్దరూ కలిసి తొక్కే రెండు సీట్ల సైకిలు తీసుకున్నాడు. అన్నయ్య సొంతూళ్ళో డ్రైవింగ్ స్కూలు నడిపే మనిషి. పక్కవాళ్ళ కాళ్ళని నమ్మడం ఆయనకి ఏనాడూ చేతకాలేదు.

చెల్లెలు నర్సు. ఇక్కడి ఆసుపత్రివాళ్ళు ఉద్యోగానికి రమ్మన్నారు. ఒంటరిగా నెగ్గుకురాగలదో లేదో చూసి చెప్పమని నాన్న అన్నయ్యని తోడు పంపాడు. సాయంత్రం ఫోన్లో అన్నయ్య ఏం చెబితే నాన్నకి అదే ఖాయం.

“నాన్నకి ఏం చెప్తావన్నయ్యా?”

“చెప్పేదేముంది, వెనక్కి తీసుకొచ్చేస్తున్నానని చెప్తా. ముందు తొక్కు.”

నది పక్క రోడ్డు అయిపోయి కొండ దారి మొదలయ్యే చోట అన్నయ్య గేరు మార్చాడు. కింద టక్‌మంది.

“అన్నయ్యా, ఆపు! ఏదో పడింది.”

“గేరు పడిందే, మొద్దూ!”

అయినా ఆపాడు. వెనకున్న కారువాడు హారన్ మోగించాడు. అన్నయ్య తెలుగులోనే వాడి మీదికి లేచాడు. వాడు వాడి భాషలో తిట్టాడు. ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోయినా ఇద్దరికీ కోపం బాగానే వచ్చింది. ఈలోగా చెల్లెలు దిగి నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, వంగి, సంచి సర్దుకుని, రుమాలుతో చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చింది.

“అన్నయ్యా, ఈ సైకిలు...”

“నోర్ముయ్! బళ్ళ గురించి నాకు చెప్పేంతదానివయ్యావా? ఏ పిన్నో పెన్నో పారేసుకుని ఉంటావ్. ఎక్కు!”

చెల్లెలు ఎక్కింది.

“చూశావా, సరైన గేరు పడితే ఇలా ఉంటుంది! కాలు ఆనిస్తే చాలు, దూదిలా తిరుగుతోంది,” అన్నాడు అన్నయ్య.

చెల్లెలికి తొడలు మండిపోతున్నాయి. ఊపిరి అందడం లేదు. కళ్ళెదుట చెమట చుక్కైనా లేని అన్నయ్య మెడ. పట్టుకుని పిసికేద్దామన్నంత కసి పుట్టింది.

“ఏమిటే ఆ ఆయాసం? వెనక దర్జాగా కూర్చున్నదానివి!”

“ఒక్క నిమిషం ఆగుదాం.”

“ఆసుపత్రిలోనూ ఇలాగే ఆగుతావా? పేషెంటు పోయేదాకా? ఇందుకే నీకు ఉద్యోగం వద్దంటున్నా.”

ఆ మాటతో ఆమె పళ్ళు బిగించింది. మళ్ళీ ఆగుదామని అనలేదు. కొండ మీదికి చేరాక అన్నయ్య నడుం మీద చేతులు పెట్టుకుని, కింద ఊరంతా కనపడేలా ఫోటో తీయించుకున్నాడు. చెల్లెలు ఫోటో తీసి, అక్కడే రాళ్ళ మీద కూలబడింది.

దిగేటప్పుడు పనేం లేదు. సైకిలు దానంతటదే జారింది. అన్నయ్య ఈల వేసుకుంటూ బ్రేకు పట్టాడు.

కొట్టుకి చేరేసరికి నాన్న దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. అన్నయ్య స్పీకర్లో పెట్టాడు. చెల్లెలు కూడా వినాలిగా మరి.

“నాన్నా, ఇది ఇక్కడ ఒక్క రోజు కూడా నిలబడలేదు. కొండ మొత్తం దీన్ని వెనకేసుకుని నేనే లాక్కొచ్చా. ఎక్కడికెళ్ళినా దీనికి ఒక మనిషి తోడుండాల్సిందే.”

చెల్లెలు సంచిలోంచి నల్లగా జిడ్డోడుతున్న చైను ఒకటి తీసి కొట్టాయన బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని చూశాడు. వంగి సైకిలుని చూశాడు. ముందు సీటు పెడల్‌ని ఒక్క వేలితో తట్టాడు. అది గిర్రున తిరిగింది. వెనక చక్రం మాత్రం కదల్లేదు. ఆయన అన్నయ్య వంక చూసి, పొట్ట పట్టుకుని నవ్వుతూ ఏదో అన్నాడు.

“ఏంటే వాడి వెటకారం? ఏమంటున్నాడు?” అన్నాడు అన్నయ్య ఉక్రోషంగా.

ఉద్యోగం కోసం ఆ భాష నేర్చుకున్నది ఆమె ఒక్కతే.

“ముందు పెడళ్ళ చైను ఇదేనట అన్నయ్యా. కొండ కింద ఇది ఊడిపోయినప్పట్నుంచీ నువ్వు తొక్కింది ఉత్త గాలేనట. నాన్న లైన్లోనే ఉన్నాడు, మిగతాది నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”