డ్రైవరు వెనక సీటు

గేరు మార్చబోయిన బస్సు డ్రైవరు "అబ్బా!" అని నడుం పట్టుకున్నాడు.

"మళ్ళీ పట్టేసిందా నాయనా?" వెనక సీట్లోంచి పెద్దావిడ అడిగింది.

ఆమె ఎవరో అతనికి తెలియదు. ఈ బండి మీదికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాడు. అతని వెనకే కూర్చుంటుంది. చివరి స్టాపు దాకా వచ్చి, అదే బండిలో తిరిగి వెళ్తుంది.

"అలా ముందుకు వంగిపోకు. నడుం సీటుకి ఆనించు."

"సరేనమ్మా."

"బండి ఆగినప్పుడన్నా దిగి నాలుగడుగులు వెయ్యి. కూర్చునే కొద్దీ బిగుసుకుపోతుంది."

అతనిలాగే ఈ రూటుకి కొత్తయిన కండక్టరు నవ్వు ఆపుకున్నాడు. "ఇంట్లో ఒకావిడ, బండిలో ఒకావిడ. నీ పని అయిపోయిందన్నా!"

ఒకరోజు ఆమె తువ్వాలు చుట్టగా చుట్టి అతని నడుం వెనక దూర్చింది. నిజంగానే హాయిగా అనిపించింది. ఆ మాట మాత్రం పైకి అనలేదు.

వానలు మొదలయ్యేసరికి నొప్పి కాల్లోకి దిగింది. మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చుకున్నాడు.

స్టాపులో బండి ఆపి ఒకటి వేసుకోబోతుంటే, వెనక నుంచి చెయ్యి వచ్చి మణికట్టు పట్టుకుంది.

"అది మింగి బండి నడపకు. మత్తొస్తుంది."

"వదలండి."

"సెలవు పెట్టి డాక్టరుకి చూపించుకో నాయనా. నీ కాళ్ళు పట్టుకుంటా."

బస్సంతా చూస్తోంది. అతనికి తల కొట్టేసినట్టయింది.

"నా నడుం, నా ఇష్టం! మీకెందుకు? రేపటి నుంచి నా బండి ఎక్కకండి!"

ఆమె దిగిపోయింది. లాక్కున్న మాత్రలు ఆమె గుప్పిట్లోనే వెళ్ళిపోయాయి.

నొప్పి ఓర్చుకోలేక అతను డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. సెలవు, వ్యాయామాలు, నడక. మెల్లగా నడుం దారికొచ్చింది.

తిరిగి డ్యూటీలో చేరాక మెడ వెనక ఎవరో ఊపిరి బిగబట్టి చూస్తున్నట్టుండేది. తిరిగి చూస్తే ఖాళీ సీటు.

ఉండబట్టలేక డిపోలో పాత మెకానిక్కుని అడిగాడు.

"ఆవిడా? మొన్నామధ్య చనిపోయిందట."

డ్రైవరు పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు.

"నీకు ముందు ఈ బండి నడిపినవాడు నడుం నొప్పికి మాత్రలేసుకుని స్టీరింగు మీదే తూలాడు. బండి స్టాపు మీదికి వెళ్ళిపోయింది."

"అయితే ఈవిడ అతని తల్లా?"

"కాదు, వాడికి గీత కూడా పడలేదు," మెకానిక్కు గొంతు తగ్గించాడు. "ఆ స్టాపులో బస్సు కోసం నిలబడ్డ అమ్మాయి ఈవిడ కూతురు."