టైట్ ఎండ్ మోకాలు

"భూమేషూ, డాక్టరొచ్చేశాడు. గేటు దగ్గర కారు దిగుతున్నాడు," అంటూ షాలేమ్ తోటలోకి పరుగున వచ్చాడు.

భూమేష్ చేతిలోని నీళ్ల పైపు అక్కడే పడేశాడు. పొద్దుటి నుంచీ అతనికి కాలు ఒకచోట నిలవడం లేదు. నీళ్లు పెట్టిన చెట్టుకే మళ్లీ పెడుతున్నాడు.

"రేపొస్తడంటివి గదనే అన్నా."

"సారు టీమువాళ్లు పంపిన మనిషి. వాళ్లిష్టం."

గల్ఫు దేశంలో, బుదైయాలోని ఆ విల్లాకి షాలేమ్ డ్రైవరు, భూమేష్ తోటమాలి. లోపల గదిలో ఉన్నది డారెల్ సారు, ఆ ఇంటి టీచరమ్మ భర్త. అమెరికావాళ్ల ఫుట్‌బాల్‌లో తొమ్మిదేళ్లుగా టైట్ ఎండ్. అంటే గోడలా నిలబడి ఎదుటివాళ్లను గుద్ది ఆపాలి, సందు దొరికితే ముందుకురికి బంతి కూడా పట్టుకోవాలి. మేస్త్రీ పనీ కూలి పనీ ఒక్కడి చేతే చేయించుకుంటారన్నమాట అని భూమేష్ అప్పుడే తేల్చేశాడు. ఆ పనిలో సారుకు మూడు వేళ్లు వంకరపోయాయి, కుడి మోకాలికి రెండు ఆపరేషన్లయ్యాయి. సెలవులకు వచ్చి నెలైంది, కర్ర లేకుండా వరండా దాటింది లేదు. అయినా రోజూ సాయంత్రం కుర్చీలో కూర్చునే, కోడిగుడ్డులాంటి ఆ బంతిని భూమేష్‌కి విసిరేవాడు. పట్టుకుంటే చప్పట్లు కొట్టేవాడు. భూమేష్‌కి ఆయనంటే ప్రాణం.

నిన్న ఫోన్లో సారు అన్న మాట షాలేమే విని చెప్పాడు. "డాక్టరు ఏం రాస్తాడో దాని మీదే నా బతుకంతా ఉంది."

ఆ మాటను భూమేష్‌కి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. పోయిన నెలే లేబర్ క్యాంపులో తన గదిలో ఉండే నర్సింలుకు డాక్టరు పరీక్షలో అన్‌ఫిట్ అని రాశారు. మూడో రోజుకల్లా పని పీకేసి ఇంటికి విమానం ఎక్కించారు.

"కర్ర యాడున్నదన్నా?"

"వరండాలో, గోడకి ఆనించి ఉంది. ఎందుకు?"

భూమేష్ రెండంగల్లో వరండా ఎక్కాడు. కర్ర, మోకాలి పట్టీ, ఐసు సంచి, నొప్పి మాత్రల డబ్బా అన్నీ వాటేసుకుని వచ్చి, నరికిపెట్టిన ఖర్జూరపు మట్టల కింద దూర్చేశాడు. తనిఖీ వచ్చినప్పుడు క్యాంపులో ఒకరి మాత్రలు ఒకరు దాచేది ఇలాగే.

"ఏవిట్రా ఈ పని?" అన్నాడు షాలేమ్ చెమట తుడుచుకుంటూ.

"ఆ టీమే సారుకు కఫీలు, పనిల వెట్టుకున్న మాలికని నువ్వే అంటివి గదా. కఫీల్ పంపిన డాక్టరుకు కర్ర జూపిస్తరా ఎవరన్న?"

డాక్టరు లోపలికి వెళ్లాడు. కాసేపటికి సారు గొంతు పెద్దగా వినిపించింది.

"కర్ర అడుగుతున్నారు," అన్నాడు షాలేమ్.

"కనవడ్తలేదని చెప్పు పో. పాపం, గల్ఫుకు కొత్త. ఏం తెల్వదు."

సారు మళ్లీ అడిగాడు. మూడోసారి కూడా అడిగి ఊరుకున్నాడు. భూమేష్ కిటికీలోంచి తొంగిచూశాడు. సారు గోడ పట్టుకుని, పళ్లు బిగబట్టి, కర్ర లేకుండానే నడుస్తున్నాడు. భూమేష్‌కి కళ్లు చెమర్చాయి. గంతే సారూ, ఇంక నాలుగడుగులు, అనుకున్నాడు లోలోపల.

అరగంట తర్వాత డాక్టరు ఒక్కడే బయటికొచ్చాడు. చేతిలో కాగితాలున్నాయి, ఇంకా ఏమీ రాసినట్టు లేదు. భూమేష్‌ని చూసి ఆగి, షాలేమ్‌తో ఏదో అన్నాడు.

"సారు రోజూ ఎలా నడుస్తాడో నువ్వు చూస్తుంటావు కదా, ఉన్నదున్నట్టు చెప్పమంటున్నాడు," అని షాలేమ్ గొంతు తగ్గించాడు. "నా చేత అబద్ధం ఆడించకు తమ్ముడూ. శుక్రవారం చర్చిలో మొహం చూపించాలి నేను."

"నువ్వేం ఆడుతలేవు. నా మాట ఇంగ్లీషుల చెప్పు. పాపం నాది."

భూమేష్ ఛాతీ విరుచుకున్నాడు.

"రోజు తెల్లారకముందే తోట సుట్టు పది రౌండ్లు ఉరుకుతడు. గా ఖర్జూరపు మొద్దు నాతోని లేవకపోతే సారొక్కడే లేపి అవుతల ఏసిండు. మోకాలు నొస్తున్నదని ఒక్కనాడన్న అనలే."

షాలేమ్ నేల చూపులు చూస్తూ పొల్లుపోకుండా చెప్పాడు. డాక్టరు నమ్మలేనట్టు మళ్లీ అడిగాడు. ఉరకడమంటే ఎలాగో భూమేష్ నాలుగడుగులు ఉరికి మరీ చూపించాడు. డాక్టరు నవ్వాడు. కాగితం మీద రెండు ముక్కలు రాసి, లోపలికి వెళ్లి ఇచ్చి, అదే నవ్వుతో కారెక్కాడు.

కారు మలుపు తిరిగిందో లేదో భూమేష్ మట్టల కింది నుంచి కర్ర లాగి వరండాకి పరుగెత్తాడు. సారు మెట్టు మీద కూలబడి ఉన్నాడు. చేతిలో డాక్టరిచ్చిన కాగితం ఉంది. అంత మనిషీ ఏడుస్తున్నాడు.

"ఏం రాసిండే అన్నా?"

షాలేమ్ వంగి చూశాడు. "ఫిట్."

భూమేష్‌కి గుండెల మీంచి బండ దించినట్టయింది. కర్రను రెండు చేతులా సారు ఒళ్లో పెట్టాడు. "సంతోషానికి గూడ ఏడుపొస్తది. ఏడువనియ్యి."

సారు ఆ కర్ర వంక, కర్రకంటుకున్న ఖర్జూరపు పీచు వంక చూశాడు. తర్వాత షాలేమ్‌తో మెల్లగా ఏదో చెప్పాడు.

"ఏమంటుండన్నా?"

"వచ్చే నెల ఈ కాలుతోనే మళ్లీ ఆడాలంట."

"ఆడుతడు. నౌకరైతే నిలవడ్డది గదా."

"అది కాదురా," అన్నాడు షాలేమ్. "అన్‌ఫిట్ అని రాయించుకోవడానికే సారు కాళ్లావేళ్లా పడి ఈ డాక్టర్ని రప్పించుకున్నాడంట. అలా రాస్తే టీమువాళ్లే మోకాలు బాగుచేయించి, బతికున్నన్నాళ్లూ ఇంటికే జీతం పంపిస్తారంట."