కొంగు మడతలు

కరెంటు పోయింది. నడిచే మనిషి మీద చీర మడతలు ఎలా పడతాయో గీయాలని, డ్రాయింగ్ మాస్టారు ప్రభుదాసు తన భార్య జోజమ్మను లాంతరు వెలుగులో వరండా అంతా నడిపిస్తున్నాడు. తిరువూరు మొత్తం సద్దుమణిగింది. ఆమె అడుగుల చప్పుడొక్కటే వినిపిస్తోంది.

గీసిన బొమ్మ చూసుకుని ఆయన పెన్సిలు ఆపేశాడు. గుడ్డను ఎక్కడ పట్టుకుంటే మడతలన్నీ అక్కడికి చేరతాయని బడిలో పిల్లలకు చెప్పేది ఆయనే. గాలి లేదు. అయినా జోజమ్మ కొంగు కిందికి వేలాడటం లేదు, వెనక్కి బిగిసి ఉంది. మడతలన్నీ ఆమె మోకాలికి కాస్త పైన, ఖాళీలో ఒకచోట కలుస్తున్నాయి.

నిరుడు తుపాను వానల్లో జ్వరమొచ్చి పోయిన వాళ్ల బాబు చెయ్యి అంత ఎత్తుకే అందేది.

"చాల్లే జోజీ, వచ్చి కూర్చో," అన్నాడు మెల్లగా.

ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. అడుగులు మాత్రం ఇంకా చిన్నవి చేసింది.

"కూర్చుంటే వదిలేస్తాడండీ."