పాయింట్ ముందు సున్నా

“దుర్గాసాయి!”

సత్యకుమారి మేడమ్ రిజిస్టర్‌లోంచి తలెత్తి క్లాసంతా కలియజూసింది. ఎవరూ పలకలేదు. పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగింది. ఆ పేరుకి ఎదురుగా ‘ఎ’ వేసి రిజిస్టర్ మూసింది.

ఫార్మకాలజీ క్లాసు రోజూ ఇలాగే మొదలవుతుంది. రిజిస్టర్‌లో అదే చివరి పేరు. ఆ మనిషిని మాత్రం ఎంబీబీఎస్ సెకండియర్‌లో ఎవరూ చూడలేదు.

“సీటొచ్చినా చేరలేదేమో, పాపం,” అంది హేమశ్రీ.

“చేరే ఉంటాడు. యానాంలో మందు సీసాలు ముందేసుకుని ప్రాక్టికల్స్ చేస్తున్నాడు,” అన్నాడు వెనక బెంచీ రమేష్ బాబు.

హేమశ్రీ కిసుక్కున నవ్వింది. ఆమెకిప్పుడు దేనికైనా నవ్వే వస్తోంది. పెళ్ళై రెండు నెలలు. మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది. పొద్దున్నే భర్త సత్యప్రసాద్ కాలవగట్టు మీదుగా స్కూటర్‌పై తెచ్చి దింపుతాడు. వెళ్తూ వెళ్తూ, చెప్పకుండా, ఆమె బ్యాగులో పూతరేకుల పొట్లం పడేసి పోతాడు. మందు ఒంట్లోకి వెళ్ళే దారుల గురించి పాఠం జరిగిన రోజున పక్కనున్న రూబీ చెవిలో అడిగింది.

“నాలిక కింద పెట్టగానే కరిగిపోయేది ఏంటో చెప్పు?”

“గుండెనొప్పి మాత్ర.”

“కాదే, పూతరేకు!”

అంత సంతోషంలోనూ ఒకటే దిగులు. హాజరు. పెళ్ళికి ఎగ్గొట్టినవి పోను డెబ్బై అయిదు శాతానికి రెండు క్లాసులు తక్కువ. పరీక్ష రాయనివ్వకపోతే ఏడాది పోతుంది. అత్తగారు మాణిక్యాంబ ముందే చెప్పింది. “చదువుకో అమ్మా, వద్దనను. ఒక్కసారి తప్పావంటే మాత్రం పుస్తకాలు అటకెక్కుతాయి.”

మినహాయింపు ఫారం మీద సత్యకుమారి మేడమ్ సంతకం పెడితేనే గట్టెక్కేది. ఆవిడ ఇంతవరకూ ఎవరికీ పెట్టలేదట.

ఆవిడ ఎంత కచ్చితమో మొదటి క్లాసులోనే తెలిసిపోయింది. ఆ రోజు పాత మందుచీటీ ఒకటి పైకెత్తి చూపించింది. పేరు మీదా, సంతకం మీదా ప్లాస్టర్ ముక్కలు అంటించి ఉన్నాయి. తేదీ మాత్రం కనిపిస్తోంది. 1979.

“చంటిబిడ్డకి ఫిట్స్ మందు. ఎంత రాశారు?”

“అయిదు మిల్లీలీటర్లు మేడమ్,” అన్నారు అందరూ.

“దగ్గరికొచ్చి చూడండి.”

దగ్గరికెళ్తే అయిదు ముందు చిన్న చుక్క. దుమ్ము రేణువంత.

“పాయింట్ అయిదు. అంటే అర మిల్లీలీటర్. పాయింట్ ముందు సున్నా పెట్టలేదు. నర్సుకి చుక్క కనపడలేదు. మందుకీ విషానికీ తేడా మోతాదొక్కటే. మీలో ఎవరు సున్నా మర్చిపోయినా రికార్డు చింపేస్తాను.”

“బిడ్డో మేడమ్?” అంది రూబీ.

“సాయంత్రానికి పోయాడు.”

హేమశ్రీ నోరు ఊరుకోలేదు. “ఆ డాక్టరు ఏమయ్యారు మేడమ్? జైల్లో వేశారా?”

“లేదు. పై చదువులు చదివి మంచి ఉద్యోగంలో ఉన్నారు.”

“అన్యాయం మేడమ్! అలాంటివాళ్ళని మళ్ళీ పెన్ను ముట్టుకోనివ్వకూడదు.”

“కూర్చో,” అంది మేడమ్.

పరీక్షల ముందు ఆఖరి క్లాసు వచ్చింది.

“దుర్గాసాయి!”

మేడమ్ ఎప్పటిలాగే ఎదురుచూస్తోంది. రేపటినుంచి ఈ పేరు పిలిచేవాళ్ళు కూడా ఉండరు అనుకుంది హేమశ్రీ. ఎవరోగానీ, వాడూ తనలాగే హాజరు చాలనివాడు. జాలేసింది. తల వంచుకుని, గొంతు మార్చి, “ప్రెజెంట్ మేడమ్!” అనేసింది.

క్లాసు గొల్లుమంది.

మేడమ్ చేతిలో పెన్ను ఆగిపోయింది. తలెత్తలేదు. చాలాసేపటికి రిజిస్టర్‌లో ఏదో రాసింది. పాఠం చెప్పకుండానే వెళ్ళిపోయింది.

అయిదు నిమిషాల్లో అటెండరు లాజరు వచ్చాడు. “హేమశ్రీగారంటే మీరేనాండి? మేడమ్‌గారు రమ్మంటున్నారండి.”

“అయిపోయావు పో,” అంది రూబీ.

పుస్తకాలు అటకెక్కుతున్న చప్పుడు హేమశ్రీకి అప్పుడే వినిపించింది.

గదిలో మేడమ్ కిటికీ దగ్గర నిలబడి ఉంది.

“ఎందుకు పలికావు?”

“తప్పయిపోయిందండి. రోజూ పిలుస్తారు... ఎవరూ పలకరు. జాలేసింది మేడమ్.”

“ఇంకోసారి అను.”

“మేడమ్?”

“ఇందాకట్లాగే అను.”

“ప్రెజెంట్ మేడమ్.”

మేడమ్ వచ్చి కుర్చీలో కూర్చుంది.

“నీకెన్ని తగ్గాయి?”

“రెండండి.”

సొరుగులోంచి మినహాయింపు ఫారం తీసింది. సంతకం చేసి ముందుకు జరిపింది. హేమశ్రీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సాయంత్రం స్కూటరెక్కగానే ఆయన వీపు మీద చరిచి మరీ చెప్పాలి అనుకుంది. దణ్ణం పెట్టి ఫారం అందుకోబోయింది.

“ఆగు. మొదటిరోజు అడిగావు కదా, ఆ డాక్టరు సంగతి.”

మేడమ్ ఫైల్లోంచి ఆ పాత చీటీ తీసి, ఫారం పక్కనే పెట్టింది.

“ప్లాస్టర్లు తియ్యి.”

ఎండిపోయిన ప్లాస్టర్లు గోరు తగలగానే ఊడి వచ్చాయి.

పైదాని కింద ‘దుర్గాసాయి, ఎనిమిది నెలలు’ అని ఉంది. రెండోదాని కింద, పక్కన ఫారం మీద ఇంకా తడారని సంతకమే ఉంది.