ఏడో పేజీ నీళ్లు

గార్డియన్‌ని వెంటబెట్టుకుని రావాలి, లేకపోతే హాల్‌టికెట్ ఇవ్వం అని టెక్కలి కాలేజీ నుంచి ఉత్తరం వచ్చినప్పటి నుంచీ కామేశ్‌కి అన్నం సయించడం లేదు. పది రోజుల్లో డిగ్రీ ఆఖరి పరీక్షలు. హాల్‌టికెట్ చేతికి రాకపోతే మూడేళ్ల చదువూ గంగలో కలిసినట్టే.

వాళ్లమ్మ కాసులమ్మకి మాత్రం పెళ్లికి వెళ్తున్నంత సంబరంగా ఉంది. గంజి పెట్టిన చీర కట్టింది. పలాసలో బస్సు మారేటప్పుడు రెండు పొట్లాల పకోడీ కొంది.

"మీ అయ్య సంద్రంలో ఉన్నాడు. ఇంకెవల్ని తీసుకెల్తాం? మనమిద్దరమే ఎల్లాల గదా," అంది.

"అక్కడ నువ్వు మాటాడకమ్మా. సెప్పాల్సింది నాను సెప్తాను."

"నువ్వు నోరిప్పితే వచ్చీ హాల్‌టికెట్టూ రాదు. పకోడీ తిను."

జరిగింది ఇదీ. కాలేజీలో నీళ్ల ఫిల్టరు పాడై రెండు నెలలైంది. పిల్లలంతా బోరు నీళ్లే తాగుతున్నారు. ఉద్దానం వాళ్లకి నీళ్ల సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఏ వీధిలో అడిగినా డయాలసిస్‌కి వెళ్లేవాళ్లుంటారు. మూడు అర్జీలు పెట్టినా ఆఫీసులో ఉలుకూ పలుకూ లేదు. నాలుగోసారి అర్జీకి బదులు, ప్రిన్సిపాల్ జగన్నాథం గారి సీసాలోకి ఆ బోరు నీళ్లే చేరాయి. సీసాకి ఒక చీటీ: 'కాలేజీ నియమాల పుస్తకం, ఏడో పేజీ, విద్యార్థుల హక్కులు: మంచి తాగునీరు.' ఆయన చీటీ చూసుకోలేదు. యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్దమనుషుల ఎదుట గడగడా తాగి, వాళ్ల ఫైళ్ల మీదే ఉమ్మేశారు.

ఇరవై రెండేళ్లొచ్చినా ప్రిన్సిపాల్ గదిలో అడుగుపెట్టగానే కామేశ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జగన్నాథం గారు కళ్లద్దాల మీంచి ఇద్దర్నీ చూశారు.

"అవేం నీళ్లు? నౌపడ ఉప్పు మడిలోంచి తోడి తెచ్చారా?"

"రెండు నెల్లుగా పిల్లలు తాగతన్నవి అయ్యే బాబూ," అంది కాసులమ్మ.

కామేశ్ గొంతు సవరించుకున్నాడు. కాసులమ్మ అతని కాలు తొక్కింది.

"హక్కుల పేజీ బాగానే చదివారు. పన్నెండో పేజీలో బాధ్యతలు కూడా ఉన్నాయి. గురువుల్ని గౌరవించాలట," అన్నారు జగన్నాథం గారు.

"తప్పే బాబూ. గుంజీలు తియ్యమంటే ఇక్కడే తీత్తాం. కానీ పిల్లలకి మల్లీ అయ్యే నీల్లు ఇత్తే, తమకీ మల్లీ అయ్యే పెడతాం."

కామేశ్ మనసులో హాల్‌టికెట్‌కి నీళ్లొదిలేశాడు. వరండాలోంచి టకటకమని చప్పుడు.

"వినిపిస్తోందా? ఫిల్టరు బిగిస్తున్నారు," అన్నారు జగన్నాథం గారు. ఇంక ఆపుకోలేక పకపకా నవ్వేశారు. "హాల్‌టికెట్ ఇస్తాను. కానీ రూలు రూలే, ఎవరికైనా ఒకటే. ఇంకెప్పుడూ ఇలాంటి పని చేయకుండా చూసుకుంటానని గార్డియన్ రాసివ్వాలి."

కామేశ్‌కి ప్రాణం లేచొచ్చింది. కాసులమ్మ రెండో పకోడీ పొట్లం విప్పి ఆయన ముందుకి జరిపింది. ముగ్గురూ తిన్నారు.

నూనె వేళ్లు చొక్కాకి తుడుచుకుని, 'గార్డియన్ సంతకం' అన్న చోట కామేశ్ సంతకం పెట్టి, కింద 'విద్యార్థికి ఏమవుతారు' అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో 'కొడుకు' అని రాశాడు.