వెలుగు రాజు చావు

“మీ ఇద్దరిలో ఎవరు చస్తారు?” అని అడిగింది హిల్డా మేడమ్, టీ అడిగినంత మామూలుగా.

డ్రైవరు ఈరన్న చేతిలోంచి కారు తాళాలు జారిపోయాయి. వంటమనిషి నిత్యానందం గరిటెతో సహా గోడకి అంటుకుపోయాడు. దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్ పేటలోని ఆ ఇంటావిడ బడిలో లెక్కల టీచరు, ఇంట్లో మంత్రగత్తె. ఆ మాట ఆవిడే చెప్పుకుంటుంది. ఇన్నాళ్ళూ వీళ్ళ కంటబడింది కొవ్వొత్తులు వెలిగించడమే, పాపం.

“నిజం చావు కాదయ్యా! ఇవాళ జూన్ ఇరవై ఒకటి, ఏడాదిలో అన్నిటికంటే పెద్ద పగలు. వెలుగు రాజు, చీకటి రాజు కవల దేవుళ్ళు. బ్యాటరీకి రెండు కొసల్లాగా ఇద్దరూ ఉంటేనే లోకం నడుస్తుంది. పొద్దు గుంకేలోగా చీకటి రాజు కర్రతో కొట్టాలి, వెలుగు రాజు పడిపోవాలి. ఏటా ఆ వేషాలు కట్టే నా స్నేహితులు సెలవులకి లండన్ పోయారు. ఈ తొంభై అయిదో సంవత్సరానికి మీరే దిక్కు.”

“నేను సావను మేడమ్. పెండ్లాము, బిడ్డ ఉండారు” అన్నాడు ఈరన్న.

“నాకూ కుదరదండి. శుక్రవారం చర్చి ప్రార్థనలో పాట పాడాలండి.”

మేడమ్ నిట్టూర్చింది. “చచ్చినవాడు డిసెంబరులో మళ్ళీ పగళ్ళు పెరిగేదాకా ఈ గడపలో కనిపించకూడదు. అందుకని వాడికి ఆరు నెలల సెలవు, ఊరికి టిక్కెట్టు ఇద్దామనుకున్నాను.”

“నేను సస్తా!”

“నేనే చస్తానండి!”

చీటీలు వేస్తే ఈరన్న పేరొచ్చింది. నిత్యానందం మొహం మాడిపోయింది. పెరట్లో ఈరన్న తలకి బంగారు కాగితం కిరీటం పెట్టి, నిత్యానందానికి నల్ల దుప్పటి కప్పి కర్ర ఇచ్చింది మేడమ్. ఎంతసేపటికీ కర్ర పైకి లేవలేదు.

“కొట్టన్నా!”

“నరహత్య చేయకూడదని బైబిలు వాక్యంలో ఉంది కదయ్యా.”

“దినామూ కోడి మెడ కోస్తాండావు గదన్నా!”

“కోడి నరుడు కాదు.”

“ఇంకో పది నిమిషాలే! పొద్దు గుంకితే మళ్ళీ ఏడాదికే” అని మేడమ్ గడియారం చూసింది.

ఈరన్న మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నేనీడికొచ్చినాక పుట్టిందన్నా నా కూతురు. మూడేండ్లాయ. ఫొటోలో సూసిందే. ఒక్క దెబ్బెయ్యన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా.”

నిత్యానందానికి మనసు కరిగింది. ఇంతసేపు ఏడిపించినందుకు సిగ్గేసింది. కర్ర ఎత్తి భుజానికి మెల్లగా తాకించాడు. తాకిందో లేదో, ఈరన్న ఇసుకలో కాళ్ళూ చేతులూ చాపుకుని, నవ్వు ఆపుకోలేక నవ్వుతూ చచ్చిపోయాడు.

మేడమ్ పరవశంగా కళ్ళు మూసుకుని మంత్రం చదివింది. కొత్త రాజుకి దండ వేద్దామని తిరిగేసరికి, నిత్యానందం కూడా ఈరన్న పక్కన వెల్లకిలా పడున్నాడు.

“నువ్వెందుకు పడ్డావు? గెలిచింది నువ్వే కదా!”

“కవలలమన్నారు కదండీ” అన్నాడు నిత్యానందం కళ్ళు తెరవకుండానే. “మా గోదారి వైపు కవలల్లో ఒకడికి జ్వరమొస్తే రెండోవాడికీ వచ్చేద్దండి. టిక్కెట్లు రెండు తీయండి.”