జీపు ప్లగ్గులు

ఇంటి ముందు గదిలోని స్పేర్ పార్టుల దుకాణంలోకి, సగం దించిన షట్టరు కింద నుంచి గంగారాం వంగి రావడం చూడగానే ఎల్లేశం మొఖం తిప్పుకున్నాడు.

గంగారాం పోలీసు జీపు డ్రైవరు. ఎల్లేశం భార్య గౌరవ్వ ఊరివాడు, వరసకు బామ్మర్ది. పొద్దున కోరుట్ల చౌరస్తాలో రాస్తారోకో చేస్తున్న పిల్లల్ని ఎక్కించుకుపోయిన జీపు తోలింది ఈ మహానుభావుడే. అందులో ఎల్లేశం కొడుకు కుమార్ కూడా ఉన్నాడు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జోరు మీదుంది. బస్సులు డిపోల్లోనే ఉన్నాయి. పోలీసుల మంచి బండ్లన్నీ హైదరాబాదు బందోబస్తుకు పోయాయి. మిగిలింది ఎప్పుడో మూలన పడ్డ పెట్రోలు జీపు. దాన్ని దులిపి, బాగు చేయించి మరీ రోడ్డెక్కించారు. పిల్లల్ని పట్టుకోవడానికి ఎంత శ్రద్ధో!

పట్టుకున్నవాళ్లను ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టారు. మధ్యాహ్నం సిరిసిల్ల కోర్టుకు తీసుకుపోతారట. పేర్లు ఇంకా రాసుకోలేదు, అక్కడే రాస్తారట. పేరెక్కితే కేసు. కేసు పడితే కుమార్ వచ్చే వారం ఎక్కాల్సిన దుబాయి విమానం సంగతి మరిచిపోవాల్సిందే.

"బావా, ప్లగ్గులు గావాలె. జీపు మిస్ కొడుతుంది, ఆగాగి నడుస్తుంది" అన్నాడు గంగారాం. వెనకాలే ఒక కానిస్టేబుల్ లాఠీ ఊపుతూ నిలబడ్డాడు.

"బావ గీవ జాన్తా నై. దుకాణం బందు."

"జగిత్యాల పోదమంటే ఆడ సుత బందే. పాతయి తెచ్చిన. జర ఇప్పి చూడు." కౌంటర్ మీద ఒక కాగితం పొట్లం పెట్టాడు.

పాత ప్లగ్గు చూడనిదే ఎల్లేశం ఎవరికీ కొత్తది అమ్మడు. ఇంజన్లో నిప్పురవ్వ పుట్టించే దాని మూతి బిస్కెట్ రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. మసిబారి ఉంటే ఏదో జబ్బున్నట్టు. ఎవరొచ్చినా ముందు ప్లగ్గు మూతి చూసి, ఆ తర్వాతే అర వైపు చెయ్యి చాపుతాడు.

ఆ రోజు మాత్రం చూడబుద్ధి కాలేదు. ఈ మనిషి ముట్టుకున్నదాన్ని తాను ముట్టుకోవడమా! మోచేత్తో ఒక్క తోపు తోశాడు. పొట్లం పోయి కౌంటర్ కింద చెత్తలో పడింది.

"ఒక్కపారి చూడు బావా."

"చూసేదేముంది? నీ మొఖం చూస్తనే తెలుస్తుంది."

కానిస్టేబుల్ పకపకా నవ్వాడు. గంగారాం కూడా నవ్వాడు. సిగ్గూ శరం లేని నవ్వు.

సరిగ్గా అప్పుడే ఎల్లేశానికి బల్ల కింది రేకు డబ్బా గుర్తొచ్చింది. అందులో ఉన్నవన్నీ పింగాణీ చిట్లిన ప్లగ్గులు, పారేద్దామని పక్కన పెట్టినవి. తోమితే మెరుస్తాయి. చల్లగా ఉన్నంతసేపు బుద్ధిగా పనిచేస్తాయి. ఇంజను బాగా వేడెక్కిందా, చచ్చి ఊరుకుంటాయి. డబ్బా తీసి గంగారాం ముందు బోర్లించాడు.

"గా అరల కొత్తయి కనవడుతున్నయ్ గదా?" అన్నాడు కానిస్టేబుల్.

"అవి వద్దు సార్" అన్నాడు గంగారాం చటుక్కున. "అవి పొడుగెక్కువ. గీ పాత ఇంజన్ల పిస్టన్‌కు తాకుతయ్."

శుద్ధ తప్పు. ఆ జీపుకు అచ్చంగా సరిపోయేవి అవే. ప్లగ్గు కొలత తెలియనివాడికి ఉద్యోగమిచ్చారు, థూ! ఎల్లేశం మాత్రం నోరు విప్పలేదు. తన పని సులువవుతుంటే ఎందుకు విప్పుతాడు?

గంగారాం డబ్బాలోని ప్లగ్గుల్ని ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి తిప్పాడు. గోటితో గీరాడు. కొన్ని పక్కకు నెట్టి నాలుగు ఏరుకున్నాడు. అబ్బో, పెద్ద పనిమంతుడి పోజు!

"గివి మస్తున్నయ్" అని జేబులో వేసుకున్నాడు. షట్టరు దగ్గర వంగబోతూ వెనక్కి తిరిగాడు. "నీ కొడుకు సుత గీ జీపులనే పోతుండు, బావా."

ఎల్లేశానికి ఒళ్లు మండిపోయింది. అతను గడప దాటగానే కాండ్రించి ఉమ్మాడు.

మధ్యాహ్నం జీపు దుకాణం ముందు నుంచే పోయింది. వెనక సీట్లో కుమార్ తల దించుకుని కూర్చున్నాడు. ఇంజను చక్కగా మోగుతోంది. ఎల్లేశం షట్టరు కింద నుంచి తొంగి చూశాడు. ఆ దిక్కుమాలిన ప్లగ్గులు ఇవాళే సిరిసిల్ల దాకా బతుకుతాయా?

పొద్దు గూకకముందే కుమార్ పెరటి దారిన ఇంట్లోకి వచ్చాడు. చేతులు పప్పు వాసన కొడుతున్నాయి.

"రుద్రంగి కాడ రోడ్డు మీద వంటావార్పు నడుస్తుంది, బాపూ. జీపు పోయిపోయి గా జనం నడుమల్నే ఆగింది. ఇగ కదుల్తలేదు. ఆడోళ్లు ఉరికొచ్చి మమ్ముల దింపిన్రు, బంతిల కూసోవెట్టి అన్నం వెట్టిన్రు. ముగ్గురు పోలీసోళ్లు గంత మందిని ఏం జేస్తరు? చేన్లకెళ్లి అవుతల వడి, ట్రాక్టరెక్కి ఇంటికచ్చినం."

"పేరు రాసుకున్నరా?"

"ఎవ్వలయి రాసుకోలె."

ఎల్లేశం మీసం దువ్వాడు. డబ్బా కథంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. గౌరవ్వ కళ్లొత్తుకుంది.

"గంగారాం మామనే పాపం" అన్నాడు కుమార్. "ఎస్సై అందరి ముందట చెంప మీద కొట్టిండు. నౌకరి పీకేస్త అన్నడు. మామ తల వంచుకొని బానెట్ల చూసుకుంట నిలవడ్డడు."

"మంచిగైంది! బుద్ధి లేని గాడిద. ఏది మంచిదో ఏది కానిదో తెల్వనోడు."

గౌరవ్వ దుకాణం ఊడుస్తూ కౌంటర్ కింది పొట్లం చేతికిచ్చింది. "గిది గంగన్నదేనా? పారెయ్యాలెనా?"

మొఖం చిట్లించుకుంటూనే ఎల్లేశం కాగితం విప్పాడు.

లోపలున్న నాలుగూ, పొడుగెక్కువని గంగారాం వద్దన్న ఆ రకం ప్లగ్గులే, మొన్న మొన్న బిగించినవి, మూతులు బిస్కెట్ రంగులో, ఒక్కదానికీ రవ్వంత మసి లేదు.